భయానికి మార్కులు

కుప్పం
6-11-1996

అమరావతికి,

మార్కుల పుస్తకం మీ ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను. బియ్యం డబ్బా మీద ఉంటుంది చూడు. తొమ్మిది సినిమాల మార్కులు కూడి, ఈ దసరాకు మొదటి స్థానం దేనికి వచ్చిందో రాయి. నా అంచనా ప్రకారం బావిలోంచి చెయ్యి బయటికొచ్చే సినిమాకే రావాలి.

ఇక్కడ పట్టు పరిశ్రమ ఆఫీసులో నాతోపాటు పురుగుల గది చూసుకునే రమణమ్మకు మన సంగతి చెప్పాను. దసరా సెలవులకు పుట్టింటికి పోయి, వీడియో షాపు సుభాన్ దగ్గర డెక్కు తెచ్చుకుని, తమ్ముడి భార్యతో కలిసి తొమ్మిది మధ్యాహ్నాలు తొమ్మిది దయ్యాల సినిమాలు చూసి వచ్చానంటే ఆమె నమ్మలేదు.

“నవరాత్రుల్లో అమ్మవారిని సూడాల్సింది పోయి దయ్యాల్ని సూసొచ్చినారా? దాండ్లకి మార్కులు గూడానా! ఎట్లేస్తారమ్మా?” అంది.

చెప్పాను. మొత్తం పది. నావి నాలుగు, నీవి మూడు, శ్రుతివి మూడు. పెద్దవాళ్లం భయపడి కూడా భయపడలేదని అబద్ధం చెబుతాం కాబట్టి నిరుటి నుంచి శ్రుతిని మూడో జడ్జిగా పెట్టుకున్నామని, ఏడేళ్ల పిల్ల ముఖం అబద్ధం చెప్పదని చెప్పాను. కళ్లు మూసుకుంటే ఒకటి. ఒళ్లో దూరితే రెండు. పిలిచినా పలక్కుండా, రెప్ప వేయకుండా బిగుసుకుని చూస్తే మూడు. ఏ ఘట్టంలో పడ్డాయో పక్కన రాస్తామని కూడా చెప్పాను. “మీ ఆఫీసు రిజిస్టరు కంటే ఇదే నయంగా ఉండాదే” అని నవ్వింది.

సుభాన్‌కు ఒక మాట చెప్పు. క్యాసెట్టు మీద నాలుగు పుర్రెలు గీసిచ్చాడు, దానికి మన దగ్గర నాలుగు మార్కులు కూడా రాలేదు. “అక్కా, అది సూసి మా లాల్ బీ పెద్దమ్మ మూడు దినాలు పెరట్లోకి పోలేదు” అన్నాడు. లాల్ బీకి పోయినేడు నుంచి చూపు ఆనదని అతనికి గుర్తు లేదు.

అమ్మ కోపం తగ్గిందా? పక్క గదిలో పడుకున్నట్టే పడుకుని, సౌండు తగ్గించమని తొమ్మిది రోజులూ అరుస్తూనే ఉంది. తమ్ముడిని అడిగానని చెప్పు.

యమున

—

పుంగనూరు
20-11-1996

వదినా,

నీ ఉత్తరం అందింది. మార్కులు కూడలేదు. కారణం రాస్తున్నాను.

పదకొండో తేదీ నారాయణప్ప సారు నన్ను బడికి పిలిపించాడు. డిక్టేషన్ చెబుతుంటే శ్రుతి సగం మాట రాసి ఆగిపోయిందట. పెన్సిలు కింద పడిందట. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. కొంచెం సేపటికి పెన్సిలు తీసుకుని, ఏమీ జరగనట్టు, “సార్, మళ్లీ సెప్పండి” అందట. “పిల్ల రాత్రిపూట నిద్ర పోతాండాదా అమ్మా?” అని అడిగాడు. పోతోందని చెప్పాను.

పదిహేనో తేదీ పొద్దున ఏడు గంటలకు కొళాయి దగ్గర పళ్లు తోముకుంటూ పడిపోయింది. చేతులు కాళ్లు బిగుసుకున్నాయి. నోట్లో నురుగు వచ్చింది. అది పళ్లపొడి నురుగని మొదట అనుకున్నాను. పొడి ఎరుపు, ఆ నురుగు తెలుపు. ఎంతసేపు ఉందో చూడలేదు. తర్వాత మధ్యాహ్నం దాకా నిద్ర పోయింది.

అత్త ఏమందో ఉన్నదున్నట్టు రాస్తాను. “కిటికీలకి దుప్పట్లు కట్టి, ఇల్లు సీకటి సేసి, తొమ్మిది దినాలు దయ్యాల్ని పిలిచినారు. పిలిస్తే రావా? పెద్దోళ్ల జోలికి రాలేక పసిబిడ్డని పట్టినాయి.” నిన్ను కూడా అంది. “నా కడుపున పుట్టిందే తెచ్చింది ఈ ఇంటికి” అంది.

పెద్దతిప్పసముద్రం దగ్గర పల్లెలో ఆదెప్ప అని అంత్రాలు కట్టే మనిషి ఉన్నాడు. వచ్చే అమావాస్యకు అక్కడికి పోతున్నాం. ఈయన్ను అడిగితే, “అమ్మ ఏడుస్తాంది, ఒకసారి పోయొస్తే పోతాది గదా” అన్నారు. తెల్లవారకముందే టమోటా మండీకి, మదనపల్లెకు పోయే మనిషి. పొద్దుగూకాక వస్తారు. బిడ్డ పడిపోవడం ఆయన చూడలేదు.

నాకూ మనమే చేశామేమో అనిపిస్తోంది వదినా. నువ్వు ఏమంటావు?

అమరావతి

—

కుప్పం
25-11-1996

అమరావతికి,

సినిమాలు తెచ్చింది నేను. కిటికీలకు దుప్పట్లు కట్టింది నేను. అమ్మ నన్ను అన్న దాంట్లో తప్పు లేదు. ఆ సంగతి తర్వాత.

నువ్వు రాసినది మూర్ఛ లాగా ఉంది. ఆ మాట మన ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి నేను రాస్తున్నాను. మదనపల్లెలో పిల్లల డాక్టర్లు ఉన్నారు. తమ్ముడు రోజూ పోయే ఊరే. ఆదెప్ప దగ్గరికి పోతే పోండి, ముందు డాక్టరు దగ్గరికి పోండి.

మళ్లీ వస్తే ముందు గడియారం చూడు. ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని నిమిషాలు ఉంది, ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, ఆ ముందు ఏం చేస్తోంది, తర్వాత ఎంతసేపు పడుకుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాలగుత్తి చేతిలో పెట్టొద్దు. మేం పురుగుల గదిలో రెండు గంటలకొకసారి వేడి, తేమ రాస్తాం. పురుగు చచ్చాక ఎందుకు చచ్చిందని పై ఆఫీసరు అడిగితే ఆ రాతే సమాధానం. బిడ్డకూ అలా రాయి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతున్నారో వెంటనే రాయి.

యమున

—

పుంగనూరు
18-12-1996

వదిన గారికి,

ఇక్కడ అందరం క్షేమం. మీరు అక్కడ క్షేమమని తలుస్తున్నాను.

శ్రుతికి నయంగా ఉంది. ఆదెప్ప అంత్రం కట్టాడు. నలభై ఒక్క రోజులు ఉప్పు లేని అన్నం పెట్టమన్నాడు, పెడుతున్నాం. అప్పటిదాకా బడి మాన్పించాం. డాక్టరు అవసరం లేదని పెద్దవాళ్లు అనుకుంటున్నారు.

ఇక మీరు ఈ విషయమై రాయవద్దు. ఉత్తరాలు అత్తే ముందుగా తీసుకుని ఎదురింట్లో చదివించుకుంటోంది. ఆ మాట ఆ ఇంటివాళ్ల చెవిన పడడం మంచిది కాదని అత్త అభిప్రాయం.

అన్నకు నమస్కారాలు.

అమరావతి

—

కుప్పం
23-12-1996

అమరావతికి,

ఈ ఉత్తరం సుభాన్ షాపు అడ్రసుకు పంపుతున్నాను. అతను నీ చేతికే ఇస్తాడు.

నీ ఉత్తరంలో నన్ను మీరు అన్నావు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్కసారీ అనలేదు. అమ్మ పక్కన కూర్చుని రాయించిందని తెలిసింది. ‘ఇక్కడ అందరం క్షేమం’ అని నాకు ఇంకెప్పుడూ రాయకు. క్షేమమైతే ఆ వాక్యం లేకుండానే తెలుస్తుంది.

ఇప్పుడు నీకు తెలియనిది రాస్తున్నాను. ఎవరికీ చెప్పనని అమ్మకు మాటిచ్చి ఇరవై ఎనిమిదేళ్లయింది. మాట తప్పుతున్నాను.

నాకొక అక్క ఉండేది. పేరు ఆదిలక్ష్మి. నాకంటే మూడేళ్లు పెద్ద. ముగ్గు వేస్తూ ఆగిపోయేది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని గోడ వంక చూసేది. అమ్మ రెండు మూడు సార్లు పిలిచేది, పలికేది కాదు. తర్వాత పడిపోవడం మొదలైంది. గాలి సోకిందన్నారు. ఇద్దరు ముగ్గురు మంత్రగాళ్లకు చూపించారు. డాక్టరుకు చూపించలేదు. 1968లో, ఆమెకు పదకొండేళ్లప్పుడు, ఏటికి బట్టలు ఉతకడానికి పోయాం. మోకాలి లోతు నీళ్లు. అక్క పడింది. నాకు ఎనిమిదేళ్లు. ఎప్పటిలాగే లేస్తుందనుకుని నేను బట్టలు పిండుతూ ఉన్నాను.

తమ్ముడు అప్పటికి ఐదేళ్లవాడు. నీళ్లలో జారిపడిందని మాత్రమే వాడికి తెలుసు. దయ్యం లాక్కుపోయిందని నాకు చెప్పారు. ఆ దయ్యం ఎలా ఉంటుందో చూద్దామని ఈ సినిమాలన్నీ చూశాను అమరా. దేంట్లోనూ అది లేదు. మోకాలి లోతు నీళ్లలో చడీచప్పుడు లేకుండా మనిషిని తీసుకుపోయేదాన్ని ఎవరూ తీయలేదు.

అమ్మ మీద కోపం పెంచుకోకు. దయ్యమంటే ఎప్పటికైనా పోతుందని ఆమె ఆశ. మూర్ఛ అంటే ఆడపిల్ల పేరు పక్కన ఉండిపోతుందని ఆమె భయం.

ఒక పని చెయ్యి. మార్కుల పుస్తకం తీసి చూడు. బావిలో చెయ్యి సినిమాకు శ్రుతి మూడు మార్కులు ఇచ్చింది. ఆ మూడు చెయ్యి వచ్చినప్పుడు పడలేదని నాకు గుర్తు. పక్కన ఏం రాసి ఉందో చూసి, సుభాన్ ద్వారానే నాకు రాయి.

యమున

—

పుంగనూరు
2-1-1997

వదినా,

అత్త భజనకు పోయింది. రెండు గంటల టైముంది.

పుస్తకం చూశాను. రెండు దసరాలవి ఉన్నాయి.

బావి సినిమా, 14-10-96. శ్రుతి 3. పక్కన నా రాత: ‘హోటల్లో హాస్యగాడు ఇడ్లీలు తినే చోట.’ బొమ్మ సినిమా, 15వ తేదీ. శ్రుతి 3. ‘తోటలో పాట.’ పాత మేడ సినిమాకు ‘పేర్లు పడుతున్నప్పుడే మూడు! ఇంకా ఏమీ రాకముందే భయం!’ అని నీ రాత, కింద రెండు గీతలు. 17వ తేదీన కరెంటు పోయింది. టీవీలో ఏమీ లేదు. అప్పుడు కూడా శ్రుతి దాని వంకే చూస్తూ కూర్చుందని, పిలిస్తే పలకలేదని, ‘కరెంటు లేకపోయినా ఫుల్ మార్కులు’ అని రాశాం. నవ్వుకున్నాం కూడా. నాకు గుర్తుంది, సుభాన్ డెక్కు చూడటానికి వచ్చి, “కరెంటు పోయినా భయపెట్టే క్యాసెట్టు నా షాపులో తప్ప యాడా దొరకదక్కా” అన్నాడు.

తొమ్మిది సినిమాల్లో ఏడుసార్లు మూడు పడ్డాయి. ఒక్కటీ దయ్యం కనపడినప్పుడు పడలేదు. దయ్యం కనపడినప్పుడల్లా ఒకటో రెండో పడ్డాయి. కళ్లు మూసుకుంది, ఒళ్లో దూరింది. అందరు పిల్లల్లాగే భయపడింది. నిరుటి దసరాలోనూ మూడు రెండుసార్లు ఉంది. అంటే పదిహేను నెలల నుంచి బిడ్డకు వస్తోంది. మనం పక్కన కూర్చుని మార్కులు వేశాం.

పోయిన ఉత్తరంలో రాయనిది ఇప్పుడు రాస్తాను. ఆదెప్ప దగ్గర బిడ్డ ముందు మిరపకాయల పొగ వేశారు. “ఎవురు నువ్వు? యాడ నుంచి వచ్చినావు? సెప్పు, ఇడిసిపెడతా” అని అడిగాడు. “నేను శ్రుతి. పుంగనూరు నుంచి వచ్చినా. రెండో తరగతి” అంది. నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లూ అదే చెప్పింది. తర్వాత ఆ పొగలోనే బిడ్డకు మళ్లీ వచ్చింది. నిప్పుల చట్టి మీద పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. అందరూ దయ్యం పారిపోతూ తోసిందన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నేను కూడా తలూపాను.

ఆదిలక్ష్మి గురించి నాకు తెలియదు. తెలిసి ఉంటే తలూపేదాన్ని కాదు. నీ మీద కోపం లేదని రాయలేను. ఇప్పుడు లేకపోయినా రెండు రోజులు ఉండింది.

నువ్వు చెప్పినట్టే రాస్తున్నాను. డిసెంబరులో పడిపోవడం మూడుసార్లు. చూస్తూ ఆగిపోవడం రోజుకు ఏడెనిమిది.

ఈయనకు పుస్తకం చూపించాను. చాలాసేపు చదివారు. “ఇడ్లీలు తినేకాడ ఎవురికైనా భయమైతాదా?” అని నన్నే అడిగారు. తర్వాత, “బుధవారం మండీ వ్యాన్లో నాతో రండి. అమ్మకు నేను సెప్తా” అన్నారు.

అమరావతి

—

మదనపల్లె
8-1-1997

వదినా,

బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చుని రాస్తున్నాను. శ్రుతి పూరీ తింటోంది. ఉప్పు వేసిన కూర.

పొద్దున టమోటా బుట్టల మధ్య కూర్చుని వచ్చాం. పదకొండు గంటలకు డాక్టరమ్మ పిలిచింది. యాభై ఏళ్లుంటాయి. మొదట చేతికి కట్టు విప్పి చూసింది. ఎలా కాలిందని అడిగింది. ఈయన తల దించుకున్నారు, నేను చెప్పాను. ఆమె కట్టు కొత్తది కట్టించింది.

“ఎప్పుడు మొదలైందమ్మా?”

“1995 సెప్టెంబరు 27, మధ్యాహ్నం మూడున్నర ప్రాంతం” అన్నాను.

తల ఎత్తి చూసింది. “ఎట్లా తెలుసు?”

పుస్తకం ఇచ్చాను. మొదటి పేజీలో ‘దయ్యాల సినిమాలు – మార్కులు’ అని ఉంది కదా, అది చూసి ఈయన వైపు చూసింది. ఈయన, “మా అక్క, ఈమె కలిసి రాసినారు మేడం. తప్పుగా అనుకోవద్దు” అన్నారు. తర్వాత పేజీలన్నీ తిప్పింది. ఇడ్లీల దగ్గర ఆగింది. కరెంటు పోయిన దగ్గర ఆగింది. శ్రుతిని గట్టిగా ఊపిరి తీసి వదలమంది, తీసి వదలమంది, అలా మూడు నిమిషాలు. శ్రుతి ఆగిపోయింది. డాక్టరమ్మ గడియారం చూసింది. పదకొండు సెకన్లు. ఈయన మొదటిసారి చూశారు.

“ఇదేనా మీ మూడు మార్కులు?” అని అడిగింది డాక్టరమ్మ.

అవునన్నాను.

నేను అడగాల్సింది అడిగాను. సినిమాల వల్ల వచ్చిందా అని. “కాదు. రావలసి ఉండి వచ్చింది. సినిమా పేరుతో మీరు బిడ్డ ముఖాన్ని అంతసేపు చూశారు. లేకుంటే ఇంకా ఏడాది ఎవరూ కనుక్కునేవాళ్లు కాదు” అంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని కూడా అడిగింది. ఈయన లేదన్నారు. నేను ఆదిలక్ష్మి సంగతి చెప్పాను. ఆయన నన్ను చూశారు. బయటికి వచ్చాక ఎవరు చెప్పారని అడగలేదు.

పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. కనీసం మూడేళ్లు. ఒక్క పూట కూడా మానకూడదు, హఠాత్తుగా ఆపితే ముందుకంటే గట్టిగా వస్తుందని రెండుసార్లు చెప్పింది.

పుస్తకం తన దగ్గర ఉంచుకుంటానంది. ఇచ్చేశాను.

బస్సు వచ్చింది.

అమరావతి

—

కుప్పం
14-1-1997

అమరావతికి,

నీ ఉత్తరం రమణమ్మకు చదివి వినిపించాను. పూర్తిగా చదవలేకపోయాను, మిగతాది ఆమె చదివింది.

నీ కోపం సరైనదే. నేను నవంబరులోనే ఆదిలక్ష్మి గురించి రాసి ఉంటే బిడ్డ చెయ్యి కాలేది కాదు. నెల రోజులు ఆలోచించాను, ఆ నెలలో అది జరిగింది.

డాక్టరమ్మ మాట నిజమే కావచ్చు. అయినా ఈ దసరాకు నేను రాను. అమ్మకు నా ముఖం చూపించలేను. మాట తప్పానని ఆమెకు తెలియదు, తమ్ముడు చెప్పడు. తెలియకుండా ఎదురుగా కూర్చోవడం ఇంకా కష్టం.

మాత్రల లెక్క గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టు. అమ్మ కంట పడేలా పెట్టు.

యమున

—

పుంగనూరు
3-6-1997

వదినా,

ఐదు నెలల్లో ఒక్కసారీ రాలేదని మేలో రాశాను. ఇప్పుడు వచ్చింది. ఎలాగో రాస్తాను.

పోయిన వారం గుర్రంకొండలో అత్త అన్న మనవరాలి పెళ్లికి పోయాం. రెండు రాత్రులు విడిది. మాత్రల షీటు నేను సంచిలో బట్టల కింద పెట్టుకున్నాను. అక్కడ దిగాక చూస్తే లేదు. ఇంట్లో మరిచానేమో అనుకున్నాను. మందుల షాపుకు పోయాను, ఆ మాత్ర లేదన్నారు. మూడు పూటలు తప్పాయి.

ముహూర్తం రోజు, అందరూ పీటల చుట్టూ ఉన్నప్పుడు, శ్రుతి అక్షింతలు పట్టుకుని నిలబడి ఉండగా పడింది. నాలుగు నిమిషాలు. మేళం ఆపేశారు. మూడు వందల మంది చూశారు. ఎవరో ఉల్లిపాయ తెమ్మన్నారు, ఎవరో ఇనుము తెమ్మన్నారు. “ఎవురి బిడ్డ?” అని ఒకామె అడిగితే, “పుంగనూరు అక్కమ్మ మనవరాలు” అని ఇంకొకామె చెప్పింది. నేను పక్కకు తిప్పి పట్టుకుని గడియారం చూస్తున్నాను.

బిడ్డ పడుకున్నాక అత్త గదిలోకి వచ్చి తలుపు వేసింది. రొంటిన దోపుకున్న షీటు తీసి నా ముందు పెట్టింది. బస్సు ఎక్కేముందే తీసిందట.

“బంధువులు సంచి ఎతికితే కనబడతాదని తీసినా. ఏం మాత్రలని అడిగితే ఏం సెప్పేది? రెండు దినాలే గదా, ఏమైతాదిలే అనుకున్యా” అంది. తర్వాత, “ఎవురికీ తెలీకూడదని తీస్తే అందరికీ తెలిసె” అంది.

నేను అరవలేదు. అరవాలని ఉండింది. ఆమె షీటులోంచి ఒక మాత్ర తనే తీసి, అరచేతిలో పెట్టుకుని, “ఏల ఇంత సిన్నది?” అని అడిగింది.

ఆ రోజు నుంచి మాత్ర అత్తే ఇస్తోంది. పొద్దున రేడియోలో వార్తలు మొదలవగానే ఒకటి, రాత్రి వార్తలు మొదలవగానే ఒకటి. నేను ఒకరోజు ముందే ఇవ్వబోతే చెయ్యి పట్టుకుంది. “వార్తలు ఇంకా రాలేదు, గమ్మునుండు” అంది. ఎదురింటి ఆమె ఏం మాత్రలని అడిగితే, “మూర్ఛకు. నీకెందుకు?” అని చెప్పింది. ఆ మాట ఆ నోట వినడం నాకు అదే మొదలు.

అమరావతి

—

కుప్పం
12-9-1998

అమరావతికి,

తమ్ముడు మండీ లోడుతో కుప్పం మీదుగా పోతూ ఒక గంట ఆగాడు. గుర్రంకొండ తర్వాత శ్రుతికి ఒక్కసారీ రాలేదని, నాలుగో తరగతికి వచ్చిందని, లెక్కల్లో ముందుందని చెప్పాడు. పోయేటప్పుడు, వాకిట్లో నిలబడి, “అక్కా, ఆదిలక్ష్మి ఎట్లుండేది?” అని అడిగాడు. చెప్పాను. లారీ హారన్ కొడుతున్నా వినేసి పోయాడు.

దసరా ఇరవై ఒకటిన మొదలవుతోంది. నేను ఈ ఏడాది కూడా రాను. పురుగులు గూళ్లు కట్టే రోజులని అమ్మకు చెప్పు. నిజానికి అవి పదిహేనుకే కట్టేస్తాయి. నీకు అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు.

యమున

—

పుంగనూరు
23-9-1998

వదినా,

నీ పురుగుల సంగతి అత్తకు చెప్పాను. “దానికి రావాలని లేదు, అంతే” అంది.

సోమవారం శ్రుతి సుభాన్ షాపుకు తనే పోయి డెక్కు అడిగింది. సుభాన్ ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. “అక్కా, ఈ బిడ్డకు పుర్రెలది ఇయ్యాల్నా, దేవుని సినిమా ఇయ్యాల్నా? నువ్వు సెప్పకుండా ఇస్తే అక్కమ్మ నా షాపు తగలబెడతాది” అన్నాడు. డాక్టరమ్మ పోయిన నెలలోనే చూడొచ్చని చెప్పింది, మరీ దగ్గర కూర్చోకుండా ఉంటే చాలునంది. అయినా నేను దేవుని సినిమా ఇమ్మందామనుకున్నాను. అత్త లోపలి నుంచి, “అది ఏమడిగితే అది ఇయ్యి. నేను గూడా సూస్తా” అంది.

నిన్న మధ్యాహ్నం చూశాం. కిటికీలకు దుప్పట్లు కట్టలేదు. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. శ్రుతి ఆమె పక్కన. నేను తెరను చూడలేదు, శ్రుతినే చూస్తూ కూర్చున్నాను. ఒక ఇల్లు, మెట్లు, పైన మూసిన తలుపు. ఆ తలుపు దగ్గరికి ఒకామె దీపం పట్టుకుని పోతోంది.

శ్రుతి కదలడం ఆగిపోయింది. రెప్ప వేయలేదు.

“శ్రుతీ” అన్నాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. పలకలేదు. గడియారం వైపు తిరిగాను. అత్త బిడ్డ భుజం పట్టుకుని, “శ్రుతీ! అమ్మీ! శ్రుతీ!” అని కుదిపింది.

“అబ్బా, గమ్మునుండవ్వా! ఆయమ్మ తలుపు తీస్తాండాది. నాకు భయమైతాంది!” అని అరిచి, అత్త చెయ్యి లాక్కుని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

తలుపు వెనక ఏముందో నేను చూడలేదు. అత్త కూడా చూడలేదు.

సినిమా అయిపోయి శ్రుతి ఆడుకోవడానికి పోయింది. నేను డెక్కు వైర్లు తీస్తున్నాను. అత్త అక్కడే కూర్చుని ఉంది.

“మూడోసారికి పలికింది సూడు” అంది. “ఆదిలక్ష్మి పలికేది కాదు.”

ఆ పేరు ఆమె నా ముందు ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరని నేను అడగలేదు. అడగకపోవడంతోనే నాకు తెలుసని ఆమెకు అర్థమైంది. నువ్వే చెప్పి ఉంటావనీ అర్థమైంది. కోపం రాలేదు. “ఆ మాత్ర అప్పుట్లో ఉండిందా అమ్మీ?” అని అడిగింది.

ఇదే ప్రశ్న నేను ఏప్రిల్లో డాక్టరమ్మను అడిగాను. స్వాతంత్ర్యం రాకముందు నుంచీ ఉందని చెప్పింది. 1968లో మదనపల్లెలో దొరికేదని, రోజుకు కొన్ని పైసల మందని చెప్పింది.

నాకు తెలియదని అత్తతో అన్నాను.

“యమునను అడుగుతాలే. దానికి తెలుస్తాది” అంది. “రమ్మని రాయి. పురుగులు లేవని నాకు తెలుసునని గూడా రాయి.”

రాశాను. శుక్రవారం బయలుదేరితే పలమనేరు మీదుగా మధ్యాహ్నానికి చేరతావు. నేను డాక్టరమ్మ మాట ఆమెకు చెప్పలేకపోయాను. నువ్వేం చెబుతావో దారిలో ఆలోచించుకో. బస్సు దిగేసరికి ఆమె వాకిట్లోనే ఉంటుంది.

అమరావతి